“ఐ రియల్లీ డోంట్”, “ఐ డోంట్ రియల్లీ”: వ్యతిరేక సంక్షిప్త రూపాల దగ్గర క్రియావిశేషణం ముందు రావాలా, తర్వాత రావాలా?

వాక్యార్థి

సభ్యులందరికీ నమస్కారం. వాక్యంలో “విల్”, “హ్యాజ్” వంటి సహాయక క్రియ ఉన్నప్పుడు తరచుదనాన్ని, నిశ్చయాన్ని తెలిపే క్రియావిశేషణాలు దాని తర్వాత, ప్రధాన క్రియకు ముందు రావాలని ఆంగ్ల వ్యాకరణ పాఠాలు సాధారణంగా చెబుతాయి. “హి విల్ ప్రాబబ్లీ కమ్”, “షి హ్యాజ్ ఆల్వేజ్ హెల్ప్‌డ్ అస్” వంటి వాక్యాలకు ఈ సూత్రం చక్కగా సరిపోతుంది. సహాయక క్రియ “వోంట్”, “డజంట్”, “హ్యాజంట్” వంటి వ్యతిరేక సంక్షిప్త రూపంలోకి మారగానే మాత్రం సూత్రం పట్టు తప్పుతోంది. దాని ప్రకారం “హి వోంట్ ప్రాబబ్లీ కమ్” అనాలి, కానీ ఆంగ్లం మాతృభాషగా గలవారు “హి ప్రాబబ్లీ వోంట్ కమ్” అంటున్నారు. పోనీ, క్రియావిశేషణాన్ని ముందుకు తెస్తే సరిపోతుందనుకుంటే “హి ఆల్వేజ్ డజంట్ కమ్” అన్నది వినిపించదు. అక్కడ “హి డజంట్ ఆల్వేజ్ కమ్” అనే అంటారు. “రియల్లీ” అయితే రెండు చోట్లా కనిపిస్తుంది. ఒక్కొక్క పదానికి ఒక్కొక్క స్థానాన్ని కంఠస్థం చేయడం తప్ప మార్గం లేదా, లేక వీటన్నిటి వెనుక ఒకే కారణం ఉందా?

భాషాబోధిని

వాక్యార్థి గారూ, కారణం ఒక్కటే ఉంది. అది అర్థానికి సంబంధించినది. వ్యతిరేకతను తెలిపే రూపం వాక్యంలో తన తర్వాత ఉన్నదాన్ని కాదంటుంది. తనకు ముందున్నది సాధారణంగా దాని పట్టులోకి రాదు. కాబట్టి క్రియావిశేషణం “డోంట్” తర్వాత ఉంటే ఆ క్రియావిశేషణమే నిరాకరణకు గురవుతుంది. ముందు ఉంటే నిరాకరణ మొత్తాన్ని ఆ క్రియావిశేషణం వర్ణిస్తుంది.

“ఐ డోంట్ రియల్లీ లైక్ ఇట్” అన్నప్పుడు “రియల్లీ” లోపల చిక్కుకుంది. నిజంగా ఇష్టపడేంత స్థాయి లేదని వక్త అంటున్నాడు, అంటే అది తనకు పెద్దగా నచ్చలేదని. “ఐ రియల్లీ డోంట్ లైక్ ఇట్” అన్నప్పుడు “రియల్లీ” బయట నిలబడి, ఇష్టం లేకపోవడాన్నే గట్టి చేస్తోంది. అంటే తనకు అది అస్సలు నచ్చలేదని. ఒకే పదాలతో ఒకరు మృదువుగా తప్పుకుంటున్నారు, మరొకరు ఖండితంగా తిరస్కరిస్తున్నారు. ఎవరైనా తాము రాసింది చదివి అభిప్రాయం చెప్పమన్నప్పుడు ఈ రెండు వాక్యాలు తారుమారైతే ఎదుటివారి మనసు నొచ్చుకోవచ్చు. అందుకే దీన్ని విద్యార్థులకు ఆలస్యంగా నేర్పే సూక్ష్మ విషయంగా కాక, “డోంట్” నేర్పిన వెంటనే చెప్పవలసిన విషయంగా నేను చూస్తాను.

“ఆల్వేజ్” సంగతి కూడా ఇంతే. “హి డజంట్ ఆల్వేజ్ కమ్” అంటే అతను ఎల్లప్పుడూ వస్తాడని కాదు, కొన్నిసార్లు మానేస్తాడని. ఇక “ఆల్వేజ్”ను ముందుకు తెస్తే, రాకపోవడం ఎల్లప్పుడూ జరుగుతుందన్న అర్థం రావాలి. ఆ అర్థానికి ఆంగ్లంలో “నెవర్” అనే సిద్ధమైన పదం ఉన్నందున “హి నెవర్ కమ్స్” అనేస్తారు, “ఆల్వేజ్ డజంట్” అన్న కూర్పు దాదాపుగా అవసరపడదు.

శ్రోత

బోధిని గారూ, మన భాషలో వ్యతిరేకత క్రియాపదం చివర చేరుతుంది, క్రియావిశేషణం ఎటూ దానికి ముందే వస్తుంది. తెలుగులో ఆలోచించి ఆంగ్లంలో పలికేవారు “ఆల్వేజ్ డజంట్” అనడానికి ఇదే కారణమా?

భాషాబోధిని

చాలావరకు అదే. తెలుగులో స్థానాన్ని మార్చి అర్థాన్ని వేరుచేయలేము గనుక, “వస్తాడని కాదు” అని వాక్యాన్ని పొడిగించో, “అంతగా”, “పెద్దగా” వంటి మాటలు చేర్చో ఆ భేదాన్ని చూపిస్తాము. ఈ అలవాటునే ఒక పరీక్షగా వాడుకోవచ్చు. మీ భావాన్ని తెలుగులో “అని కాదు”తో ముగించగలిగితే, ఆంగ్లంలో క్రియావిశేషణం సంక్షిప్త రూపం తర్వాత రావాలి. అలా ముగించినప్పుడు మీరు చెప్పదలచినది మారిపోతే, అది ముందు రావాలి.

నియమాన్వేషి

సిద్ధాంతం అందంగా ఉంది గానీ, నాకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి. ముందున్నదీ వెనుకున్నదీ వేర్వేరు అర్థాలిస్తాయని అంటున్నారు. మరి “హి యూజువల్లీ డజంట్ కమ్”, “హి డజంట్ యూజువల్లీ కమ్” అన్న రెండు వాక్యాలనూ ఒకే అర్థంలో వాడుతున్నారు కదా? రెండవది, “ప్రాబబ్లీ” కూడా మీ పరీక్ష ప్రకారం రెండు చోట్లా ఉండగలగాలి. “బహుశా వస్తాడని కాదు” అన్న భావానికి “హి వోంట్ ప్రాబబ్లీ కమ్” ఎందుకు పనికిరాదు? ఈ రెంటికీ సమాధానం లేకపోతే సిద్ధాంతం సగం పదాలకే వర్తిస్తుందని ఒప్పుకోవలసి ఉంటుంది.

పదమూలం

నియమాన్వేషి గారి అభ్యంతరాలు సూటిగా ఉన్నాయి, రెంటికీ జవాబు ఉంది.

మొదట “యూజువల్లీ”. ఈ పదం తరచుదనపు కొలబద్దలో మధ్యభాగాన ఉంటుంది. అటువంటి మధ్యస్థాయి పదాన్ని నిరాకరిస్తే, వినేవారు దాన్ని ఆవలివైపు మొగ్గుగా అర్థం చేసుకోవడం సహజం. “ఐ డోంట్ థింక్ హి విల్ కమ్” అన్న వాక్యాన్ని చూడండి. తార్కికంగా అది “వస్తాడన్న అభిప్రాయం నాకు లేదు” అని మాత్రమే చెప్పాలి, కానీ వినేవారందరూ “రాడని నా అభిప్రాయం” అనే తీసుకుంటారు. నిరాకరణపై విస్తృతంగా పనిచేసిన భాషాశాస్త్రవేత్త లారెన్స్ హార్న్ ఈ గుణాన్ని మధ్యస్థాయి పదాలతో ముడిపెట్టి వివరించారు. కాబట్టి “యూజువల్లీ” విషయంలో స్థానభేదం ఉంది, అర్థభేదమూ ఉంది, అయితే వాడుకలో ఆ రెండు అర్థాలు ఒకదాని మీదికి ఒకటి జారిపోతాయి.

అదే కొలబద్దలో కాస్త పక్కకు జరిగి “ఆఫెన్” తీసుకుంటే ఆ జారడం ఆగిపోతుంది. పది సమావేశాలు జరిగితే ఒకరు ఆరింటికి వచ్చి నాలుగింటికి రాలేదనుకుందాం. నాలుగు గైర్హాజరీలు తక్కువేమీ కాదు గనుక “హి ఆఫెన్ డజంట్ కమ్” అని ఆయన గురించి ఫిర్యాదు చేయవచ్చు. ఆరుసార్లు వచ్చిన మనిషి గురించి “హి డజంట్ ఆఫెన్ కమ్” అంటే మాత్రం అబద్ధమవుతుంది, ఎందుకంటే దాని అర్థం “అరుదుగా వస్తాడు” అని. ఒకే మనిషి, ఒకే హాజరు పట్టిక. ఒక వాక్యం నిజం, మరొకటి అసత్యం. స్థానానికి అర్థంతో సంబంధం లేదని అనేవారికి నేను మొదట చూపించేది ఈ జంటనే.

ఇక “ప్రాబబ్లీ”. ఇది జరిగే పనిని వర్ణించే పదం కాదు, చెబుతున్న విషయం మీద వక్త వేసే అంచనా. అంచనాను ప్రకటిస్తూనే, అదే వాక్యంలో దాన్ని నిరాకరించడం కుదరదు. “అపరెంట్‌లీ”, “ఫార్చునేట్‌లీ”, “పర్హాప్స్” వంటివన్నీ ఈ కోవకే చెందుతాయి, కనుకనే అవి వ్యతిరేకత పట్టులోకి వెళ్లవు. అంచనాను నిరాకరించవలసి వస్తే ఆంగ్లం క్రియావిశేషణాన్ని వదిలి విశేషణాన్ని పట్టుకుంటుంది: “ఇట్ ఇజంట్ లైక్లీ” అన్నది నిర్దుష్టమైన వాక్యం, ఎందుకంటే అక్కడ “లైక్లీ” వాక్యం చెబుతున్న విషయంలోనే భాగం.

అనుసృజన

అలాగైతే “నెససరిలీ” మాటేమిటి? అది కూడా నిశ్చయానికి సంబంధించినదే, కానీ “దట్ డజంట్ నెససరిలీ మీన్ హి ఈజ్ రాంగ్” అని మాత్రమే వింటాము. అనువాదాలలో నేను దీన్ని పదే పదే ఎదుర్కొంటాను.

పదమూలం

“నెససరిలీ” వక్త అంచనా కాదండీ. ఒక విషయం నుంచి మరొకటి తప్పనిసరిగా వస్తుందా రాదా అన్న సంబంధాన్ని అది చెబుతుంది, ఆ సంబంధాన్ని నిరాకరించవచ్చు. నిత్యవ్యవహారంలో ఆ పదాన్ని ఎక్కువగా నిరాకరించడం కోసమే వాడతారు. “డెఫినిట్‌లీ” ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది: “ఐ డెఫినిట్‌లీ హ్యావంట్ డిసైడెడ్” అంటే ఇంకా నిర్ణయించుకోలేదని ఖాయంగా చెప్పడం, “ఐ హ్యావంట్ డెఫినిట్‌లీ డిసైడెడ్” అంటే తుది నిర్ణయానికి రాలేదు గానీ మనసు ఒకవైపు మొగ్గిందని సూచించడం. మొదటి వాక్యంలో అది అంచనా, రెండవ దానిలో నిర్ణయపు స్వభావం. పదం ఒకటే అయినా చేసే పని వేరు, కనుక స్థానమూ వేరు.

వాక్యార్థి

ఇప్పుడు చాలా స్పష్టంగా ఉంది. అయినా ఒకటి మిగిలిపోయింది. “హి విల్ ప్రాబబ్లీ నాట్ కమ్” అన్న వాక్యం కూడా విన్నాను, చదివాను. ఇక్కడ “ప్రాబబ్లీ” సహాయక క్రియ తర్వాతే వచ్చింది కదా?

పదమూలం

వచ్చింది, కానీ “నాట్”కు ముందే ఉంది. ఈ చర్చకు కీలకం అక్కడే ఉంది. పూర్తి రూపంలో “విల్”, “నాట్” రెండు వేర్వేరు పదాలు, వాటి మధ్య ఒక ఖాళీ ఉంటుంది. సహాయక క్రియ తర్వాత రావాలన్న పాఠ్యసూత్రాన్నీ, వ్యతిరేకతకు బయట ఉండాలన్న అర్థసూత్రాన్నీ ఆ ఖాళీ ఒకేసారి తృప్తిపరుస్తుంది. “వోంట్”గా మారగానే ఆ ఖాళీ మూసుకుపోతుంది. బయట ఉండవలసిన పదానికి ఇక కర్తకూ “వోంట్”కూ మధ్య తప్ప చోటు లేదు. పాఠ్యసూత్రానికీ అర్థానికీ పోటీ వచ్చినప్పుడు అర్థమే గెలుస్తుంది.

ఖాళీ ఎందుకు మూసుకుపోతుందంటే, ఆ సంక్షిప్త రూపం రెండు పదాలను త్వరగా పలకడం వల్ల మాత్రమే ఏర్పడినది కాదు. భాషాశాస్త్రవేత్తలు ఆర్నాల్డ్ జ్వికీ, జెఫ్రీ పుల్లం 1983లో ప్రచురించిన వ్యాసంలో, దాన్ని ప్రత్యయం చేరి ఏర్పడిన, సహాయక క్రియకే చెందిన వ్యతిరేక రూపంగా చూడాలని వాదించారు. వారు చూపిన ఆధారాలు ఎవరైనా పరీక్షించుకోగలిగినవే. ప్రశ్నలో “డోంట్ యు నో?” అని మొత్తం రూపం కర్తకు ముందుకు కదులుతుంది, కానీ నేటి ఆంగ్లంలో “డు నాట్ యు నో?” అనరు, “డు యు నాట్ నో?” అంటారు. “విల్” నుంచి “వోంట్” రావడం మామూలు ధ్వనిలోపంతో సాధ్యం కాదు. అది “వోల్” అన్న పాత రూపం నుంచి మిగిలినది. “యామ్”కు ప్రామాణిక భాషలో ఇటువంటి రూపమే లేదు, ఐర్లండ్, స్కాట్లండ్‌లలో మాత్రం “యామంట్” వినిపిస్తుంది. “డోంట్”, “వోంట్” వంటి రూపాలు 17వ శతాబ్దం నుంచి అచ్చులో కనిపిస్తున్నాయి.

దీనివల్ల ఒక ప్రయోజనకరమైన సంగతి తెలుస్తుంది. సంక్షిప్తం చేయడానికి రెండు దారులున్నాయి: వ్యతిరేకతను సహాయక క్రియకు అంటించవచ్చు, లేదా సహాయక క్రియను కర్తకు అంటించవచ్చు. రెండవ దారిలో “నాట్” స్వతంత్రంగా మిగులుతుంది గనుక ఖాళీ కూడా మిగులుతుంది. కాబట్టి “ఇట్ ప్రాబబ్లీ ఇజంట్ ట్రూ” అనండి, లేదా “ఇట్స్ ప్రాబబ్లీ నాట్ ట్రూ” అనండి, రెండూ సరైనవే. “ఐ యామ్” విషయంలో మొదటి దారి మూసి ఉంది గనుక “ఐమ్ ప్రాబబ్లీ నాట్ గోయింగ్” అన్నదే సహజమైన రూపం.

నియమాన్వేషి

ఈ వివరణతో నా రెండు అభ్యంతరాలూ తీరాయి. ఒక్క అనుబంధ ప్రశ్న: అధికారిక రచనలో సంక్షిప్త రూపాలను వదిలేస్తే ఈ చిక్కు మొత్తం తప్పుతుంది కదా?

భాషాబోధిని

తప్పదండీ. “హి విల్ నాట్ ప్రాబబ్లీ కమ్” అని పూర్తిగా రాసినా అది అంతే ఎబ్బెట్టుగా ఉంటుంది, “డు నాట్ ఆఫెన్”, “ఆఫెన్ డు నాట్” అన్నవాటి తేడా కూడా అలాగే ఉంటుంది. పూర్తి రూపం మీకు ఒక అదనపు చోటు ఇస్తుందే గానీ ఏ పదం ఎటువైపు ఉండాలన్న ప్రశ్నను తీసివేయదు.

అనుసృజన

ఈ చర్చలో ఇంతవరకు రాని కొన్ని పదాలను ముందుంచుతాను, ఎందుకంటే నా పనిలో వీటివల్లే ఎక్కువ పొరపాట్లు నా కంటపడతాయి.

“ఈవెన్” ఎప్పుడూ వెనుకనే ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు. “హి డిడంట్ ఈవెన్ లుక్ ఎట్ మి” అంటే కనీసం నా వైపు చూడనైనా లేదని. “హి ఈవెన్ డిడంట్ లుక్” అన్న కూర్పును అనేక భాషల నుంచి ఆంగ్లానికి వచ్చినవారు వాడుతుంటారు, కానీ ఆ అర్థంలో అది చెవికి ఇంపుగా ఉండదు.

“జస్ట్”, “సింప్లీ” రెండు చోట్లా ఉండగలవు, తేడా మాత్రం చాలా పెద్దది. “డోంట్ జస్ట్ స్టాండ్ దేర్” అంటే ఊరికే నిలబడి ఉండకు, ఏదైనా సాయం చెయ్యి అని తొందరపెట్టడం. “జస్ట్ డోంట్ స్టాండ్ దేర్” అంటే ఇంకెక్కడైనా నిలబడు, అక్కడ మాత్రం వద్దు అని వారించడం. అలాగే “యు కాంట్ సింప్లీ లీవ్” అంటే వెళ్లవచ్చు గానీ ఇలా చెప్పాపెట్టకుండా వెళ్లడం కుదరదని, “యు సింప్లీ కాంట్ లీవ్” అంటే వెళ్లడమే అసలు కుదరదని.

నన్ను ఎక్కువగా జాగ్రత్తపడేలా చేసేది “డెలిబరేట్‌లీ”. “హి డిడంట్ డెలిబరేట్‌లీ బ్రేక్ ఇట్” అన్నప్పుడు వస్తువు పగిలిందని దాదాపుగా ఒప్పుకుంటూ, ఉద్దేశం లేదని అంటున్నాము. “హి డెలిబరేట్‌లీ డిడంట్ రిప్లై” అన్నప్పుడు జవాబివ్వకపోవడమే ఉద్దేశపూర్వకమని ఆరోపిస్తున్నాము. ఒకదానిలో రక్షణ ఉంది, మరొకదానిలో నేరారోపణ ఉంది. ఒకరి వాంగ్మూలాన్ని అనువదిస్తున్నప్పుడు ఈ పదాన్ని తప్పు వైపు పెడితే, ఆ మనిషి చెప్పని మాటను ఆ మనిషి నోట పెట్టినట్టవుతుంది. అనువాదకులు దీన్ని శైలికి సంబంధించిన విషయంగా చూడకూడదని నా గట్టి నమ్మకం.

శ్రోత

“స్టిల్” గురించి కూడా ఎవరైనా చెప్పగలరా? “హి హ్యాజంట్ స్టిల్ పెయిడ్” అన్న వాక్యాన్ని తరచూ చూస్తుంటాను.

భాషాబోధిని

“స్టిల్” ఒక స్థితి కొనసాగుతోందని చెబుతుంది. ఇక్కడ కొనసాగుతున్న స్థితి ఏమిటి? చెల్లించకపోవడం. అంటే నిరాకరణ మొత్తాన్ని “స్టిల్” బయటనుంచి పట్టుకోవాలి, కనుక “హి స్టిల్ హ్యాజంట్ పెయిడ్” అనాలి. వ్యతిరేకతకు లోపల ఉండవలసిన పదం “యెట్”: “హి హ్యాజంట్ పెయిడ్ యెట్”. మొదటి వాక్యంలో ఆలస్యం పట్ల అసహనం కొంత ధ్వనిస్తుంది, రెండవది సమాచారం మాత్రమే ఇస్తుంది.

“స్టిల్” లోపల ఉండే సందర్భమూ లేకపోలేదు. “యు ఆరంట్ స్టిల్ వర్కింగ్ దేర్, ఆర్ యు?” అన్నప్పుడు, పనిచేయడం కొనసాగుతోందా అని ఆశ్చర్యంతో అడుగుతున్నాము. అక్కడ కొనసాగుతున్నది పని గనుక “స్టిల్” పనికి దగ్గరగా, వ్యతిరేకతకు లోపల ఉంది. సూత్రం మారలేదు.

వాక్యార్థి

ఒకే వాక్యంలో రెండు వైపులా క్రియావిశేషణాలు ఉండవచ్చా?

పదమూలం

నిస్సంకోచంగా ఉండవచ్చు, వ్యవహారంలో తరచూ ఉంటాయి కూడా. “ఐ ప్రాబబ్లీ డోంట్ ఆల్వేజ్ లిజన్” అన్న వాక్యంలో అంచనా బయట ఉంది, తరచుదనం లోపల ఉంది: నేను ఎల్లప్పుడూ శ్రద్ధగా వింటానని కాదు, బహుశా అంతే. ఇప్పుడు రెంటినీ అటూ ఇటూ మార్చి “ఐ ఆల్వేజ్ డోంట్ ప్రాబబ్లీ లిజన్” అనండి, వాక్యం కుప్పకూలుతుంది. ఈ స్థానాలు కేవలం అలవాటుగా ఏర్పడినవైతే ఇంత ఖచ్చితంగా కూలకూడదు. “హి యూజువల్లీ డజంట్ ఈవెన్ ఆస్క్” కూడా ఇటువంటిదే.

నియమాన్వేషి

జవాబులలో ప్రధాన క్రియను వదిలేసినప్పుడు కూడా ఇదే క్రమమా?

భాషాబోధిని

అవును, పైగా అక్కడ ఇంకా తేలిక. “విల్ హి కమ్?” అన్న ప్రశ్నకు “హి ప్రాబబ్లీ వోంట్” అంటారు. ప్రధాన క్రియ లేనప్పుడు అనుకూల వాక్యంలో కూడా క్రియావిశేషణం ముందుకే వస్తుంది: “హి ప్రాబబ్లీ విల్”. “రియల్లీ” విషయంలో “ఐ డోంట్, రియల్లీ” అన్నదీ వింటాము, కానీ మృదువుగా కాదనడానికి “నాట్ రియల్లీ” అన్న చిన్న జవాబే ఎక్కువగా వాడతారు.

శ్రోత

చివరిగా ప్రశ్నార్థక వాక్యాల సంగతి. “హ్యాజంట్ హి ఆల్రెడీ లెఫ్ట్?” అని విన్నప్పుడు నాకు ఇబ్బందిగా ఉంటుంది, ఎందుకంటే “హి హ్యాజంట్ ఆల్రెడీ లెఫ్ట్” అన్నది మామూలుగా వినిపించని వాక్యం. ప్రశ్నలో అది ఎలా ఒప్పుతోంది?

పదమూలం

ప్రశ్నలో సంక్షిప్త రూపం కర్తకు ముందుకు వెళ్లిపోతుంది గనుక, క్రియావిశేషణానికి దాని ముందు చోటు ఉండదు. బయటిదైనా లోపలిదైనా కర్త తర్వాతే నిలబడాలి. అంటే స్థానాన్ని బట్టి భేదాన్ని పట్టుకునే వీలు ఇక్కడ పోయింది, ఆ పనిని పదాల స్వభావమే చేయాలి. “హ్యాజంట్ హి ఆల్రెడీ లెఫ్ట్?” అన్నప్పుడు వక్తకు అతను వెళ్లిపోయాడన్న నమ్మకం ఉంది, దాన్ని ధ్రువపరచమంటున్నాడు, వ్యతిరేకత ప్రశ్న తీరుకు చెందినదే తప్ప వెళ్లడాన్ని నిరాకరించేది కాదు, కాబట్టి “ఆల్రెడీ”కి అడ్డు లేదు. “హ్యాజంట్ హి లెఫ్ట్ యెట్?” అన్నప్పుడు అతను ఇంకా ఇక్కడే ఉన్నాడని గమనించి, ఇంకా వెళ్లలేదా అని అడుగుతున్నాడు, అక్కడ వ్యతిరేకత నిజంగా వెళ్లడం మీదనే ఉంది. కనుక ఇటువంటి ప్రశ్న విన్నప్పుడు “హ్యాజంట్”ను పక్కనపెట్టి, వచ్చిన పదం “ఆల్రెడీ”యా “యెట్”ఆ అని గమనిస్తే, అడిగినవారు ఏ జవాబును ఆశిస్తున్నారో తెలిసిపోతుంది.